వానలేని వారం

చేప పొట్ట కోసే ముందు నాగమణి దాని మీద ఒకసారి అరచెయ్యి ఆనించి చూస్తుంది. అలా చూడమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లు కాన్పుల గదిలో పనిచేసిన చెయ్యి, దానంతటదే అటు పోతుంది. “చచ్చిన చేపకి పరీక్ష ఏంటి ఆంటీ!” అని మొదటి వారం జయంతి పడీ పడీ నవ్వింది. రెండో వారం నుంచి నవ్వడం మానేసింది.

ఈ శనివారం జయంతి మోకాళ్లు దాటిన రబ్బరు బూట్లతో వాగు మధ్యలో నిలబడి, తడిసినా చిరగని కాగితం మీద పెన్సిల్‌తో గీతలు గీస్తోంది. కాకినాడ మనిషి. అమెరికాలో ఈ రెడ్‌మండ్‌కి వచ్చి పదిహేడేళ్లయింది. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శనివారం వస్తే ఈ వాగు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పన్నెండు మంది ఇద్దరిద్దరుగా విడిపోయి వాగు వెంట నడుస్తారు. సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చిన సాల్మన్ చేపలు ఎన్ని బతికున్నాయి, ఎన్ని పోయాయి, పోయినవి గుడ్లు పెట్టి పోయాయా, పెట్టకుండానే పోయాయా అని లెక్క రాస్తారు. కొడుకు ఫణి దగ్గర ఆర్నెల్లు ఉండటానికి మిర్యాలగూడ నుంచి వచ్చిన నాగమణి, ఏం తోచక వంతెన మీద నిలబడి వీళ్లని చూస్తుంటే, చెయ్యి వణకని మనిషని కనిపెట్టి కత్తి చేతికిచ్చింది జయంతే.

పని చిన్నదే. కంటి దగ్గర నుంచి తోక మొదలు దాకా టేపుతో కొలవాలి. ఆడదైతే పొట్ట కొయ్యాలి. నిండు, సగం, ఖాళీ, ఈ మూడు గడుల్లో ఒక దాంట్లో టిక్కు పెట్టాలి. తర్వాత తోక కోసెయ్యాలి, వచ్చే వారం వచ్చినవాళ్లు అదే చేపని మళ్లీ లెక్కపెట్టకుండా. అప్పుడు తిరిగి నీళ్లలోనే వదలాలి. పక్షులూ పురుగులూ తినగా మిగిలింది చెట్లకి ఎరువు. పొట్ట ఖాళీగా ఉంటే నాగమణికి సంతోషం. వచ్చిన పని అయిపోయింది, పోయింది. నిండుగా ఉంటేనే ఆ రోజంతా అన్నం సయించదు.

“ఆడవాటిల ఇది తొమ్మిదోది,” అంది నాగమణి.

“నిండా?”

“నిండే. ఒక్క గుడ్డు గూడ పెట్టలే.”

జయంతి టిక్కు పెట్టి, పెన్సిల్ చెవి మీద పెట్టుకుంది. “ఏటా మొదటి వానకి కొన్ని ఇలాగే పోతాయి ఆంటీ. రోడ్ల మీంచి వచ్చే నీళ్లలో కారు టైర్ల అరుగుదల కలిసి వాటికి విషమవుతుందట. కానీ ఈ వారం వానెక్కడ పడింది? ఆరు రోజులైంది చుక్క పడి. ఈ ఊళ్లో నవంబర్లో అదే ఒక వింత. పైగా చూడండి, అదిగో ఆ పైపుకి ఎగువన ఒక్కటి చావలేదు. దిగువన పద్నాలుగు. ఇవిగో, వేలెడంత పిల్లలు, రొయ్యల్లాంటివి, పురుగులు, అన్నీ తేలిపోయాయి. ఇది వాన పని కాదు. ఎవడో ఏదో పోశాడు.”

గట్టులోంచి బయటికి వచ్చిన సిమెంటు పైపు అది. కింద చిన్న మడుగు కట్టింది. నాగమణి ఆ మడుగు దగ్గర వంగి, ఓ మగ చేప మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి, జిగురు కట్టి ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆ వాసన తెలియకపోవడమేంటి! పొద్దున్నే ఆసుపత్రి నేల తుడిచిన వాసన. పురిటి గుడ్డలు నానబెట్టిన బకెట్ల వాసన. అన్నిటికన్నా, ముప్పై ఏళ్లు సాయంత్రం ఇంటికి వచ్చిన మొగుడి చొక్కా వాసన.

“మీకేమైనా వాసన తెలుస్తోందా ఆంటీ? నాకు జలుబు, ముక్కే పని చెయ్యట్లేదు.”

“లేదు,” అంది నాగమణి.

అన్నాక తలెత్తితే, పైపుకి ఆవల రాయి మీద ఒక పెద్ద కొంగ కనిపించింది. బూడిదరంగు చెంగు కప్పుకున్నట్టు రెక్కలు ముడుచుకుని, తల భుజాల్లోకి దించుకుని, కదలకుండా ఆమెనే చూస్తోంది. ఒకప్పుడు తన గేటు పక్కన మంత్రసాని ఈదమ్మ కూర్చున్నట్టే ఉంది. ఈదమ్మ గుర్తొచ్చి ఎన్నాళ్లయిందో అనుకుంది నాగమణి, అనుకుని తనని తనే తిట్టుకుంది. ఎన్నాళ్లేంటి, గుర్తురాని రోజంటూ ఉంటే కదా!

ఇంటి ముందు కొండల్ రావు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మంకీ క్యాపు, స్వెట్టరు, సాక్సుల మీద చెప్పులు. మర్నాడు సత్యనారాయణ వ్రతం, నలభై మంది వస్తారు. గరాజ్ ముందు సిమెంటు వాలు మీద రెండేళ్లుగా పేరుకున్న పచ్చటి నాచు మీద నిన్నటిదాకా కాలు పెడితే జారేది. ఇవాళ ఆ వాలు సున్నం వేసినట్టు తెల్లగా మెరుస్తోంది.

“చూసినవా? అద్దం లెక్క అయింది. రేపు ఎవ్వడన్న జారి పడితె నన్నడుగు,” అన్నాడు.

నిన్న మధ్యాహ్నం ఆమె వంటింట్లో పులిహోరకి చింతపండు పిసుకుతుంటే బయట నీళ్ల పైపు చప్పుడు వినపడింది. మొక్కలకి పెడుతున్నాడనుకుంది. కొడుకూ కోడలూ థాంక్స్‌గివింగ్ సేల్ అని పొద్దున పోయినవాళ్లు సాయంత్రం దాకా రాలేదు.

“ఏం పోసిండ్రు దీనికి?”

“బ్లీచింగే. ఇంకేం పోస్త? ఇక్కడ దొరకదనుకున్న. స్విమ్మింగ్ పూల్లల్ల ఏస్తరంట, డబ్బాలల్ల అమ్ముతున్నరు. మన పౌడర్ కన్న డబుల్ స్ట్రాంగు. రెండు డబ్బాలు కలిపి కొట్టిన.”

“కడిగిన నీళ్లు ఎటు పోయినయి?”

“ఎటు పోతయి? గా మోరీల వడ్డయి.”

వాలు చివర, రోడ్డు వారగా ఇనప జాలీ ఉంది. జాలీ పక్కన సిమెంటులో అరచెయ్యంత బిళ్ల, బిళ్ల మీద చేప బొమ్మ. కొండల్ రావు దాన్ని వచ్చిన రోజే చూశాడు, జాలీ తయారుచేసిన కంపెనీ గుర్తు అనుకున్నాడు. అతనేం తెలివితక్కువ మనిషి కాదు. మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాడు. ఏ వాడలో కలరా వచ్చినా బ్లీచింగ్ బస్తా భుజాన వేసుకుని ముందు దిగినవాడు. అతన్ని చూసి దణ్ణం పెట్టినవాళ్లు ఇంకా ఉన్నారు.

“ఆ మోరీ వాగుల కలుస్తదేమో. చేపలు సచ్చినయి,” అంది నాగమణి. “మొప్పలు తెల్లగయినయి. వాసన వచ్చింది నాకు.”

“నీకు మతి పోయిందా? మోరీ నీళ్లు ప్లాంటుకు పోతయి, ఆడ శుద్ధి అయితయి. మిర్యాలగూడలనే ఊరి బయటికి తోలినం మనం. గింత పెద్ద దేశం, అమెరికోడు మోరీ నీళ్లు తీస్కపోయి వాగుల ఇడుస్తడా? నా సర్వీసంత మోరీలు జూస్కుంటనే గడిచింది, నాకు జెప్తవా?”

లోపల్నుంచి ఫణి వచ్చాడు. ఇద్దరి మాటలూ విన్నట్టున్నాడు, మొహం మాడిపోయి ఉంది. గరాజ్ తలుపు సగం దించేసి, గొంతు తగ్గించాడు.

“అమ్మా, ప్లీజ్. ఇది ఇక్కడితో వదిలెయ్. ఎవ్వరితోటి డిస్కస్ చెయ్యకు. ఆ డ్రెయిన్ల ఏదన్న పోస్తే ఇక్కడ ఇల్లీగల్. నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ లాస్ట్ స్టేజ్‌ల ఉంది. నాన్న విజిటర్ వీసా మీద ఉన్నడు. ఏదన్న రికార్డ్ల ఎక్కితే ఏమైతదో నాకు తెల్వది.”

“సచ్చినయి రా. పద్నాలుగు.”

“ఎట్లాగూ చచ్చేవే గదమ్మా అవి! ఎగ్స్ పెట్టంగనే చచ్చిపోతయి. ఈ వారం కాకపోతే వచ్చే వారం.”

“కని సచ్చుడు వేరు ఫణీ. కనకుంట సచ్చుడు వేరు.”

ఫణి డబ్బాలు రెండూ నల్ల సంచీలో చుట్టి, అటక మీదికి తోసేసి లోపలికి వెళ్లిపోయాడు. కొండల్ రావు చీపురు తీసుకుని, తెల్లగా ఉన్నదాన్నే మళ్లీ ఊడ్చాడు.

ఆదివారం పదకొండింటికల్లా ఇల్లు నిండిపోయింది. వచ్చినవాళ్లందరూ చెప్పులు విప్పుతూ “అబ్బ, డ్రైవ్‌వే ఎంత నీట్‌గా ఉందో! ఎవరిచేత చేయించారు?” అని అడగడం, కొండల్ రావు మంకీ క్యాపు సర్దుకుంటూ “మనమే” అనడం. ఫణీ, కోడలు నీహారికా పీటల మీద కూర్చున్నారు. పంతులుగారు ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని కథ చదువుతున్నారు. నాగమణి వంటింటి గట్టు దగ్గర ప్రసాదం కప్పుల్లో సర్దుతోంది.

జయంతి పట్టుచీర కట్టుకుని వచ్చింది. జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. సరాసరి వంటింట్లోకి వచ్చి, నాగమణి పక్కన నిలబడి కప్పులందుకుంది.

“దొరికాడు ఆంటీ.”

“ఎవరు?”

“చేపల్ని చంపినవాడు. శుక్రవారం కాలనీలో కార్పెట్లు కడగడానికి వచ్చాడట, ఒక్టావియో అని. వాడి వ్యాను సరిగ్గా ఆ డ్రెయిన్ పక్కనే గంటసేపు ఆగి ఉందని ఎవరో చెప్పారు. వీళ్లు మురికి నీళ్లు తీసుకెళ్లి డ్రెయిన్లో గుమ్మరించడం మామూలే. కాలనీ అసోసియేషన్ వాళ్లు అతని కంపెనీకి ఫోన్ చేశారు. రేపట్నుంచి పన్లోకి రావొద్దన్నారట. ‘నో, నో, టాయ్‌లెట్, టాయ్‌లెట్’ అంటూనే ఉన్నాడట. దొరికిన ప్రతివాడూ ఏదో ఒకటి అంటాడులెండి.”

నాగమణి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఒక్టావియో శుక్రవారం పొద్దున వచ్చింది వాళ్ల ఇంటికే. వ్రతానికని ఫణి పిలిపించాడు. నలభై ఐదేళ్లుంటాయి, పొట్టిగా, మోకాళ్లకి తోలు పట్టీలు కట్టుకుని ఉన్నాడు. అతని భాష ఆమెకి రాదు, ఆమెది అతనికి రాదు. మెషీన్ తొట్టి నిండినప్పుడల్లా నల్లటి నీళ్లు బకెట్లోకి ఒంపుకుని, ఎక్కడ పొయ్యాలని చేత్తో అడిగాడు. కింది బాత్‌రూమ్ చూపించింది. పదిసార్లు మోశాడు బకెట్టు. ఒక్క చుక్క గడప దాటి బయటికి పోలేదు. ఆమె కాఫీ ఇస్తే నిలబడే తాగి, వెళ్లేముందు తన జేబులోంచి గుడ్డ తీసి టాయ్‌లెట్ అంచు తుడిచి మరీ వెళ్లాడు. ఆ తుడవడం చూసి, ఈ మనిషికి తల్లి ఎవరో గాని మంచిగ పెంచిందనుకుంది నాగమణి.

“ఆంటీ, పొంగుతోంది!” అంది జయంతి. పొయ్యి మీద పాలు.

నాగమణి మంట తగ్గించింది. హాల్లో కథ ఒక అధ్యాయం అయిపోయినట్టుంది, కొబ్బరికాయ కొట్టిన చప్పుడయింది. చెవిలో ఎవరో పక్కన కూర్చుని మాట్లాడినట్టు అదే గొంతు, అదే మాట. ‘సిస్టరమ్మా, నువ్వు జూసినవు గదా.’

ఈదమ్మ ఆ మాట తప్ప ఇంకోటి అనలేదు. తిట్టలేదు, మన్ను ఎత్తిపొయ్యలేదు. హాలియా అవతల చిన్న ఆసుపత్రి. మంత్రసాని ఈదమ్మ, కాన్పు కష్టమైన యాదమ్మని ఎడ్లబండిలో వేసుకుని తెచ్చినప్పుడు గోడ గడియారంలో పొద్దున పదీ పది. యాదమ్మ కళ్లు తెరిచే ఉంది, మంచినీళ్లు అడిగింది. డాక్టరు తన సొంత నర్సింగ్ హోములో ఉన్నాడు. మూడుసార్లు మనిషిని పంపింది నాగమణి. ఆయన వచ్చేసరికి నాలుగయింది, యాదమ్మ పోయి అప్పటికి గంట. ఆయన రిజిస్టర్ తెరిచి, పెన్ను మూత తానే తీసి ఇచ్చాడు. రెండు లైన్లు. ‘మంత్రసాని ఆలస్యంగా తెచ్చినది. తెచ్చేసరికే ప్రాణం లేదు.’ నాగమణి రాసింది. నెల తిరక్కుండా ఊరివాళ్లు ఈదమ్మ గుడిసె పీకేశారు. పీకేసిన మర్నాడు ఈదమ్మ వచ్చి నాగమణి క్వార్టరు గేటు పక్కన, చెంగు కప్పుకుని, తల దించుకుని, పొద్దు గుంకేదాకా కూర్చుంది. నాగమణి తలుపు గడియ పెట్టుకుంది. లోపల కొండల్ రావు అన్నాడు, “సర్కారు నౌకరీ. రాసింది రాసినవు. ఇగ ఊకో” అని. ఊకుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఊకుంది.

“జయంతీ,” అని పిలిచింది నాగమణి.

జయంతి అప్పటికే ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్లిపోయింది. పీట మీంచి లేచి వచ్చిన ఫణి గుమ్మం దగ్గర నిలబడి తల్లినే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు, చాలా కొద్దిగా. నాగమణి ప్రసాదం గరిటె కడిగి బోర్లించింది.

సోమవారం కొడుకూ కోడలూ ఆఫీసులకి వెళ్లాక, కొండల్ రావు టీ తాగుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది.

“ఈదమ్మ యాదికున్నదా మీకు?”

అతను కప్పు దించాడు. “ఇప్పుడు ఆ ముచ్చటెందుకు?”

“ఇప్పుడే గావాలె. ఆ కార్పెట్లాయన మన బాత్‌రూముల పోసిండు నీళ్లు. నేను జూసిన. ఆయన నౌకరీ పోయింది. నేను నోరు మూసుకుంటె మళ్ల అదే అయితది. ఈసారి నాతోని గాదు. ఇంక నాకు ఓపిక లేదు.”

“అయితె నన్ను పట్టిస్తవా?”

“పట్టిచ్చుడేంది? జరిగింది జెప్త.”

“జరగలే అంటున్న గదా!” కొండల్ రావు బల్ల మీద చరిచాడు. కప్పులో టీ ఒలికింది. “నా నీళ్లు వాగుకు పోలే. పోలేదని రుజువు జేస్త. సర్వీసుల ఎన్ని చేసిన, ఏ మోరీ ఎక్కడ కలుస్తదో తెల్వకుంటె ఏం జేస్తం? పైన రంగు పోస్తం, కింద మనిషిని నిలబెడ్తం. పా, నువ్వు పోయి ఆ పైపు కాడ నిలబడు. ఫోను పట్టుకపో.”

“రంగేది?”

అతను వంటింట్లోకి వెళ్లి, వ్రతానికి తెచ్చి మిగిలిన పెద్ద పసుపు పాకెట్టు పట్టుకొచ్చాడు.

“దీంతోని మిగిలిన చేపలకేమన్న అయితదేమో.”

“పసుపు తిని సచ్చినోన్ని చూసినవా నువ్వు?”

ఆమె రబ్బరు బూట్లు వేసుకుని వాగులోకి దిగింది. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. మొన్న తను కోసి తోకలు తీసి వదిలిన చేపలు రాళ్ల మధ్య అలాగే ఇరుక్కుని ఉన్నాయి. వాటి నారింజరంగు గుడ్లు కొన్ని నీళ్ల అడుగున చెదిరిపోయి ఉన్నాయి. పైపులోంచి సన్నగా, తేటగా ధార పడుతోంది. ఆవల రాయి మీద ఆ కొంగ మళ్లీ వచ్చి కూర్చుంది, లేదా అక్కణ్ణుంచి కదల్లేదు. నాగమణి అటు చూడకుండా ఉండాలనుకుంది గాని చూపు అటే పోతోంది.

ఫోను మోగింది. “పోస్తున్న,” అన్నాడు కొండల్ రావు. “టైం చూసుకో.”

ఆమె మణికట్టు మీద సెకన్ల ముల్లున్న వాచీ చూసుకుంది. బిడ్డ పడ్డ నిమిషం రాయడానికి కొన్న వాచీ అది. ఒక నిమిషం. రెండు. ధార తేటగానే ఉంది. నాలుగో నిమిషానికి ఆమెకి ఊపిరి కొంచెం తేలికైంది. రాకపోతే బాగుండును దేవుడా, అనుకుంది. ఆయన చెప్పిందే నిజమైతే బాగుండును. ఆ ఒక్టావియో పొయ్యలేదు, ఈయనా పొయ్యలేదు, ఎవరో మూడో మనిషి, పేరు లేని మనిషి పోశాడు. ఐదు. ఆరు.

ఏడో నిమిషం నిండుతుండగా ధార మసక బారింది. ముందు అనుమానంగా, కళ్లే మసకేసినట్టు. తర్వాత పైపు అంచు పచ్చబడింది. తర్వాత ఆగలేదు. చిక్కటి పసుపు నీళ్లు మడుగులోకి దిగి, చచ్చిన చేపల పొట్టల మీంచి, రాళ్ల సందుల్లోంచి పాకుతూ ముందుకి పోయాయి.

“వచ్చిందా?” ఫోన్లో గొంతు. ఆ గొంతులో ధీమా ఇంకా ఉంది.

ఆమె మళ్లీ వాచీ చూసుకుంది.

“నాగమణీ, వచ్చిందా? రాలేదు గదా?”

రాలేదు అంటే చాలు. అతను పైన, ఆమె కింద. చూసింది ఆమె ఒక్కతే. అతను నమ్ముతాడు, నలభై ఏళ్లలో ఆమె మాట అతను నమ్మని రోజు లేదు. కొడుకు ఊపిరి పీల్చుకుంటాడు. ఫిబ్రవరిలో విమానం ఎక్కితే ఈ వాగెక్కడ, తామెక్కడ. రాయి మీది కొంగ మెడ చాచింది.

“వచ్చింది,” అంది నాగమణి.

ఫోన్లో నీళ్ల చప్పుడు మాత్రం వినిపించింది. కాసేపటికి అదీ ఆగిపోయింది, కుళాయి కట్టేసినట్టున్నాడు. అప్పుడు అడిగాడు.

“ఎన్ని నిమిషాలకు?”

“ఏడు.”

“రెండు వందల గజాలుంటది,” అన్నాడు తనలో తను లెక్కేసుకుంటున్నట్టు. “సరిగ్గనే ఉన్నది.”

పది నిమిషాల్లో అతనే వచ్చాడు, సాక్సుల మీద చెప్పులతో, చెట్ల కొమ్మలు పట్టుకుని గట్టు దిగుతూ. నీళ్ల అంచున నిలబడి ఆ పసుపు వైపు చూశాడు. వంగి, వేళ్లు ముంచి చూసుకున్నాడు. ఎంత చూసినా అది పసుపే.

“ఎన్నన్నవు?”

“పద్నాలుగు. ఆడవి తొమ్మిది.”

“కన్నయా?”

“ఒక్కటి గూడ లేదు.”

అతను మంకీ క్యాపు తీసి చేత్తో పట్టుకున్నాడు. నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు గాలికి లేచాయి. “కలరా వచ్చిన వాడలల్ల పోసినమే,” అన్నాడు. “మనుషుల్ని బతికిచ్చిందే ఇది.” అదీ నిజమే.

“నీ కాడ చేపల లెక్క రాసే ఫారముంటదన్నవు గదా. ఇయ్యి,” అన్నాడు.

మోకాలి మీద అట్ట పెట్టుకుని, గట్టు మీద కూర్చుని రాశాడు. ఇంగ్లీషులో, ఉద్యోగంలో రాసినట్టే, ‘సబ్మిటెడ్’ అని మొదలుపెట్టి. ఏ రోజు, ఏ టైముకి, ఏ డబ్బాలు, ఎన్ని పౌన్లు, ఏ జాలీ. కార్పెట్ల మనిషి నీళ్లు తమ ఇంటి బాత్‌రూములో పోశాడని, దానికి తన భార్య సాక్షి అని. కింద సంతకం, సంతకం కింద ‘రిటైర్డ్ శానిటరీ ఇన్‌స్పెక్టర్’. “పెన్సిల్‌తోని సంతకమేందో!” అని గొణుక్కున్నాడు.

నాగమణి ఫోన్ చేస్తే జయంతి లంచ్ టైముకి కారేసుకుని వచ్చింది. కాగితం చదివి, మెట్ల మీద కూర్చుండిపోయింది. మళ్లీ మొదట్నుంచి చదివింది.

“శనివారం మీకు వాసన తెలిసింది కదా ఆంటీ?”

“తెలిసింది.”

“మరి నేనడిగితే?”

“అబద్ధం జెప్పిన,” అంది నాగమణి.

జయంతి ముక్కు తుడుచుకుంది. కోపంగా ఉందో, ఏడుపొస్తోందో తెలియలేదు. “నేనూ తక్కువేం తినలేదు,” అంది. “‘ప్రతివాడూ ఏదో ఒకటి అంటాడు’ అన్నాను అతన్ని. మొహమైనా చూడలేదు నేను.” అని ఫోన్ తీసి సిటీ వాళ్లకి చేసింది, తర్వాత అసోసియేషన్‌కి, తర్వాత ఆ కార్పెట్ల కంపెనీకి. మూడు ఫోన్లకీ కలిపి ఇరవై నిమిషాలు పట్టలేదు.

సాయంత్రం నాలుగింటికి సిటీ మనిషి ఒకాయన వచ్చాడు. అటక మీది డబ్బాలు దింపించి, ఎక్కడ ఇచ్చెయ్యాలో చెప్పి, జాలీ పక్కన చేప బొమ్మ చూపించి ఈ నీళ్లు నేరుగా వాగులోకే పోతాయని చెప్పి, ఒక హెచ్చరిక ఉత్తరం, రెండు రంగుల కాగితాలు ఇచ్చాడు. మొదటిసారి తప్పుకి అంతే అన్నాడు. వెళ్తూ కొండల్ రావుకి షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు. కంగారుగా ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చిన ఫణి ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇంతేనా?” అన్నాడు.

“ఇంతేనట,” అంది జయంతి. “ఒక్టావియో గురువారం నుంచి పన్లోకి వస్తాడు. చెప్పారు.”

ఇంతే. ఆ మాట నాగమణి గుండెలో ఎక్కడో తగిలి, అక్కడే ఉండిపోయింది. ఒక కాగితం, మూడు ఫోన్లు, ఇరవై నిమిషాలు. ఒక మనిషి బతుకు నిలబడటానికి ఇంతే చాలిందా! ఇంత చిన్న పనా అది! నీళ్లలో నిలబడ్డప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఫణి కంగారు పడి “ఏమైందమ్మా, అయిపోయింది గదా?” అన్నాడు. నాగమణి చెంగుతో మొహం తుడుచుకుంది.

“జయంతీ, ఇంకో ఫారముంటె ఇయ్యి. ఖాళీది.”

జయంతి ఎందుకని అడగలేదు. అట్టలోంచి ఒకటి లాగి ఇచ్చింది. నాగమణి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. పొడవు, ఆడ, మగ, నిండు, సగం, ఖాళీ అని ఇంగ్లీషులో గడులున్న వైపు తిప్పేసి, వెనక వైపు ఖాళీ మీద తెలుగులో తారీఖు వేసింది. ఊరు రాసింది. ఆసుపత్రి పేరు రాసింది. కొండల్ రావు భుజం మీంచి చూస్తున్నాడు. ఊరి పేరు చూడగానే అతనికి అర్థమైంది.

“ఈదమ్మ పోయి పదేండ్లాయె,” అన్నాడు మెల్లగా. “ఎవరికిస్తవు అది?”

“బిడ్డ ఉన్నది సాగర్ల. ఆమెకిస్త. ఆమె చేతికిచ్చి, ఆ ఊరి పంచాయతీల నేనే సదువుత.”

“నీ పింఛను...”

“ఆపితె ఆపుకోని.”

అతను పెన్సిల్ ముల్లు అరిగిపోవడం చూసి, వంటింట్లోంచి చాకు తెచ్చి, పక్కనే నిలబడి చెక్కి ఇచ్చాడు. నాగమణి కాగితం మీద అరచెయ్యి ఒకసారి ఆనించింది. తర్వాత రాసింది, రెండు లైన్లు.

‘ఉదయం పది గంటల పది నిమిషాలకు మంత్రసాని ఈదమ్మ తెచ్చినది. తెచ్చినప్పుడు ప్రాణం ఉన్నది. నేను చూసినాను.’